మోటారుతో కలిపి నలుగురం

ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో మా ఇంటిల్లిపాదికీ ఫోన్ ప్లాన్ నేనే ఎంపిక చేశాను. ఎవరూ చెయ్యమనలేదు. హాస్టల్లో నా గదిలోనే ఉండే అమ్మాయి వాళ్ళింట్లో అందరూ ఒకే ఫ్యామిలీ ప్లాన్‌లో ఉన్నారని తెలిసిన రోజు నుంచి నాకు మనసు కుదురుగా లేదు. అప్పటిదాకా నా డేటా రోజూ సాయంత్రానికల్లా అయిపోయేది. ఆ తర్వాత నేను ఆ అమ్మాయి హాట్‌స్పాట్ అడగడం, తను ఇవ్వడం, పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా నేను మళ్ళీ అడగడం. తను ఏమీ అనేది కాదు గానీ, పాస్‌వర్డ్‌లు మాత్రం రాన్రానూ పొడుగయ్యాయి.

నేను చదువుతున్నది ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్, రాజమండ్రి దగ్గర ఒక కాలేజీలో. ఆ కమ్యూనికేషన్స్ అనే మాట మీద నాకు చాలా ధీమా ఉండేది. సెల్ టవరు ఎలా పనిచేస్తుందో అప్పటికి మాకు చెప్పనే లేదు, అది మూడో సంవత్సరంలో వస్తుంది. బంధువుల దగ్గర ఆ సంగతి నేనెప్పుడూ బయటపెట్టలేదు. ఎవరి ఫోన్‌కి సిగ్నల్ రాకపోయినా నా చేతికే ఇచ్చేవారు. నేను దాన్ని ఆపి మళ్ళీ ఆన్ చేసి ఇచ్చేదాన్ని. సగంసార్లు బాగయ్యేది.

వారం రోజులు లాబ్ రికార్డు పక్కన పెట్టి మూడు కంపెనీల ప్లాన్లు పోల్చాను. ఒకదానితో మేం చూడని సినిమాల యాప్ ఉచితం, ఇంకోదానితో మేం ఎన్నడూ వెళ్ళని దేశాల్లో రోమింగ్ ఉచితం. చివరికి ఒకదాని మీద మనసు పడింది. ఒకే బిల్లు, నాలుగు నంబర్లు, నలుగురికీ కలిపి ఉమ్మడి డేటా. అమ్మా నాన్నా వాట్సాప్ తప్ప వేరేది వాడరు కాబట్టి ఉమ్మడి అంటే అచ్చంగా నాదేనని నాకు తెలుసు. ఇంట్లో వివరించేటప్పుడు ఆ ముక్క కొంచెం గొంతు తగ్గించి చెప్పాను.

చిక్కేమిటంటే మేం ముగ్గురమే. నాలుగో నంబరు ఊరికే పోతుందంటే నాకు ప్రాణం ఒప్పలేదు. అప్పుడు తట్టింది, మా ఇంట్లో నాలుగో సిమ్ ఒకటి ఉందని. అది చెరువు గట్టు మీద ఉంది.

మా ఊరు భీమవరం దగ్గర. నాన్న రెండు రొయ్యల చెరువులు కౌలుకి చేస్తారు. అమ్మ ఊళ్ళోనే బడిలో టీచరు. రొయ్యలకి గాలి అందాలంటే నీళ్ళని ఎప్పుడూ చిలుకుతూ ఉండాలి. ఆ చిలికే చక్రాలని ఏరేటర్లు అంటారు. వాటిని నడిపించే స్టార్టరు గట్టు మీద కరెంటు స్తంభం పక్కన ఒక రేకు పెట్టెలో ఉంటుంది. అందులో ఒక సిమ్ పెడతారు. ఎక్కడినుంచైనా ఆ నంబరుకి ఫోన్ చేస్తే రెండు రింగుల తర్వాత పెట్టె దానంతటదే కాల్ కట్ చేసి ఏరేటర్లని ఆన్ చేస్తుంది. మళ్ళీ చేస్తే మళ్ళీ కట్ చేసి ఆపుతుంది. ఖరీదైన పెట్టెలైతే యజమాని నంబరుకే పలుకుతాయి. మాది ఊళ్ళో ఎలక్ట్రీషియన్ తక్కువలో బిగించి ఇచ్చినది. ఎవరు చేసినా దానికి ఒకటే. నాన్న ఫోన్‌లో దాని పేరు "మోటారు".

"నాలుగోది మోటారుకి తీసుకుందాం నాన్నా" అన్నాను.

"దానికి డేటా ఎందుకమ్మా?"

"అది వాడకపోతే మనకే మిగులుతుంది కదా."

నాన్న "సరే, చదువుకున్నదానివి, నీకే తెలుస్తుంది" అన్నారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, హాస్టల్‌కి వెళ్ళాక మా గది అమ్మాయికి కూడా చెప్పాను.

దసరా సెలవుల్లో నాన్నని భీమవరంలో సిమ్‌ల షాపుకి తీసుకెళ్ళాను. పాత నంబర్లతోనే కొత్త కంపెనీకి మారాలి, ఆ నంబర్లన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి కాబట్టి ఆయనే ఫొటో దిగాలి. ఫోన్‌లోకి చూస్తూ ఒకసారి కళ్ళు ఆర్పమని ఆ కంపెనీ యాప్ అడుగుతుంది, నిజం మనిషేనని తెలియడానికి. ఫొటో అంటే కళ్ళు ఆర్పకూడదని నాన్న చిన్నప్పటినుంచీ అలవాటు చేసుకున్నారు. ఆర్పమన్న కొద్దీ ఇంకా పెద్దవి చేసి చూశారు. షాపతను ఓపిగ్గా, "ఆర్పండి సార్, పర్లేదండి" అంటూనే ఉన్నాడు. నేను పక్కన నిలబడి, నాకేమీ సంబంధం లేనట్టు గోడ మీద బొమ్మలు చూశాను. నాలుగు నంబర్లకీ కలిపి ఆ పని అయ్యేసరికి మధ్యాహ్నమైంది. నాలుగు కవర్లలో నాలుగు కొత్త సిమ్‌లు ఇచ్చి, ఏ కవరు ఏ నంబరుదో పైన పెన్నుతో రాసిచ్చాడు. పాత సిమ్‌లకి సిగ్నల్ పోయిన రోజున ఇవి వేసుకోమన్నాడు.

సిగ్నల్ పోయింది సరిగ్గా నేను రాజమండ్రి బయల్దేరాల్సిన ఆదివారం పొద్దున్న. అమ్మ చర్చికి తయారవుతోంది. నేను భోజనాల బల్ల మీద నాలుగు కవర్లూ ఒకేసారి చింపి, నాలుగు సిమ్‌లూ వరసగా పేర్చాను. అమ్మ జడ వేసుకుంటూ, ఒక్కొక్కటే తీసి వేసుకుంటే నయం కదా అంది. నాకు గుర్తుంటుందన్నాను. వరస గుర్తుంది కూడా. కానీ మధ్యలో ఫ్యాన్ గాలికి రెండు కిందపడ్డాయి. తీసి మళ్ళీ పెట్టాను. ఎక్కడివి అక్కడే పెట్టాననే నా ఉద్దేశం.

అమ్మ ఫోన్, నాన్న ఫోన్ బాగానే పలికాయి. నా ఫోన్‌కీ సిగ్నల్ వచ్చింది. నాలుగోది పట్టుకుని నాన్న బండి మీద చెరువు దగ్గరికి వెళ్ళి పెట్టెలో వేశాను. సరిచూద్దామని గట్టు మీద నిలబడి నా ఫోన్‌లోంచి మోటారుకి కాల్ చేశాను. బిజీగా ఉందని వచ్చింది. మళ్ళీ చేశాను. మళ్ళీ బిజీ.

"బిజీ అంటుంది నాన్నా. కొత్త సిమ్ కదా, నెట్‌వర్క్‌లో కుదురుకోవాలి. గంటలో వచ్చేస్తుంది" అన్నాను.

"మోటారు ఎవరితో మాట్లాడుతుందమ్మా?" అని అడిగారు నాన్న. ఎగతాళికి కాదు, తెలుసుకుందామనే అడిగారు. నేను నవ్వేసి, రైలుకి టైమవుతోందన్నాను.

అసలు జరిగిందేమిటంటే, నా సిమ్ వెళ్ళి పెట్టెలో కూర్చుంది. మోటారు సిమ్ నా ఫోన్‌లో ఉంది. నేను నాకే ఫోన్ చేసుకుని, నేను బిజీగా ఉన్నానని తెలుసుకుని, ఆ సంగతి నాన్నకి చెప్పి రైలెక్కాను.

ఆ తర్వాత ఆరు రోజులపాటు నాకు తెలియలేదు. తెలియకపోవడానికి చాలా కష్టపడాలి, నేను పడ్డాను. స్నేహితులంతా వాట్సాప్‌లోనే మాట్లాడతారు, అది పాత నంబరుతోనే నడుస్తోంది కాబట్టి తేడా రాలేదు. డబ్బులు పంపే యాప్ మాత్రం సిమ్ మారిందని చెప్పి పనిచెయ్యడం మానేసింది. మారింది నిజమే కదా అనుకుని, వారమంతా క్యాంటీన్‌లో మా గది అమ్మాయి చేతే డబ్బులు కట్టించాను.

సోమవారం పదిన్నరకి క్లాసులో ఉండగా ఫోన్ మోగింది. తెర మీద "నాన్న". రెండో రింగుకి కట్ చేశాను. ఇంటి దగ్గర నాన్నేమో మోటారుకి ఫోన్ చేశానని అనుకున్నారు. రెండు రింగులకి కట్ అయింది కాబట్టి ఏరేటర్లు తిరుగుతున్నాయని నిశ్చింతగా మేత కొనడానికి భీమవరం వెళ్ళిపోయారు. గంట తర్వాత చెరువు దగ్గర కాపలా ఉండే పెద్దాయన ఫోన్ చేసి, చక్రాలు కదల్లేదని చెప్పి, తనే చేత్తో స్విచ్ వేశాడు.

క్లాసయ్యాక నేను వాట్సాప్‌లో నాన్నకి కాల్ చేసి, ఎందుకు చేశారని అడిగాను. నీకు చెయ్యలేదు, మోటారుకి చేశానన్నారు. పేర్లు పక్కపక్కన ఉండి ఉంటాయి, తప్పుది నొక్కి ఉంటారన్నాను. ఆయన ఫోన్‌లో నా పేరు "అమ్మాయి". "అ"కీ "మో"కీ మధ్య ఎంత దూరముందో ఆలోచించకుండా, అక్షరాలు పెద్దవి చేసుకునే విధానం ఓపిగ్గా చెప్పాను. ఆయన కూడా ఓపిగ్గా విన్నారు.

ఇక నా నంబరుకి మామూలు కాల్ చేసే మనుషులు ఎవరున్నారో వాళ్ళందరూ ఆ వారం మా ఏరేటర్లని నడిపారు. నేను తెప్పించుకున్న పుస్తకం తెచ్చిన డెలివరీ అతను కాలేజీ గేటు దగ్గర నిలబడి మూడుసార్లు చేశాడు. ఆన్, ఆఫ్, ఆన్. పుస్తకం వెనక్కి పోయింది. లోన్ కావాలా అని రోజూ అడిగే అమ్మాయి కూడా తనకి తెలియకుండా మా రొయ్యలకి గాలి కొట్టింది. అందరికన్నా నిష్ఠగా నడిపింది మా అమ్మ. బడి వదలగానే నాలుగుంబావుకి నాకు ఫోన్ చెయ్యడం తన అలవాటు. రెండు రింగులకి కట్. ఏరేటర్లు తిరిగేవి. ఐదు నిమిషాలాగి మళ్ళీ చేసేది. మళ్ళీ కట్. ఆగిపోయేవి.

మంగళవారం రాత్రి నేను వాట్సాప్‌లో చేసినప్పుడు, సాయంత్రం రెండుసార్లు చేశానంది అమ్మ. నా ఫోన్‌లో ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. ఉందో లేదో చూసినా బాగుండేది. నేను చూడలేదు. "క్లాసులో ఉన్నానమ్మా" అన్నాను. నాలుగుంబావుకి మాకు క్లాసు లేదు. ఆ మాట నా నోటికి అంత అలవాటు.

సోమవారం నుంచి నాన్న పెట్టెకి ఫోన్ చెయ్యడం మాని, చక్రాలని కాపలా పెద్దాయన చేతే వేయిస్తున్నారు. ఆయన పెట్టె గురించి నాన్నకి పూటపూటకీ కబురు చెబుతున్నాడు. పిలిస్తే పలకట్లేదు, పిలవకపోతే లేస్తోంది. బుధవారం నాన్న ఎలక్ట్రీషియన్ని పిలిపించారు. అతను పెట్టె విప్పి, సిమ్ తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ వేసి, తన ఫోన్‌లోంచి మోటారు నంబరు కొట్టాడు. రాజమండ్రిలో నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తాను.

"మోటారాండి?" అంది అవతలి గొంతు.

నేను అప్పటికే కొంచెం లావవుతున్నానన్న బాధలో ఉన్నాను. ఎవడో నా ఒంటిని చూసి మోటారని ఏడిపిస్తున్నాడనుకుని, నోటికొచ్చిన నాలుగు మాటలు అని పెట్టేసి, ఆ నంబరు బ్లాక్ చేశాను.

అదే సాయంత్రం నాన్న చెప్పారు, ఎలక్ట్రీషియన్ చేస్తే ఎవరో ఆడమనిషి ఎత్తి తిట్టిందట, అని. నేను ఏమాత్రం తడుముకోకుండా, దాన్ని క్రాస్‌టాక్ అంటారని చెప్పాను. ఒక లైన్‌లో మాట ఇంకో లైన్‌లోకి రావడం. మాకు ఆ నెలలోనే పాఠం అయింది, అది రాగి తీగల గురించి. అయినా అరగంట వివరించాను. ఎవరో నన్ను మోటారా అని అడగడం, ఎవరో మోటారుకి చేస్తే ఆడగొంతు రావడం, రెండూ ఒకే పూట జరిగాయి. నాకు మాత్రం ఆ రెండిటికీ చుట్టరికం ఉందని తోచలేదు. పైగా కంపెనీకి ఇంగ్లీషులో పెద్ద ఫిర్యాదు రాశాను. మా ప్రాంతంలో వాళ్ళ సిగ్నలింగ్ వ్యవస్థలో మౌలికమైన లోపం ఉందని రాసి, చివర్న నా బ్రాంచి పేరు కూడా పెట్టాను. ఇరవైనాలుగు గంటల్లో చూస్తామని జవాబొచ్చింది.

గురువారం సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు పొద్దున్నుంచీ మబ్బు. మబ్బు పట్టిన రోజున చెరువులో గాలి తగ్గిపోతుంది, చక్రాలు ఆగకూడదు. పెద్దాయన చేత్తోనే ఆన్ చేసి, అన్నం తినడానికి తన పాకలోకి వెళ్ళాడు. అమ్మకి ఆ రోజు బళ్ళో ఒంటిపూట. పన్నెండున్నరకే నాకు ఫోన్ చేసింది, ఆ రోజు ఒక్కసారే. చక్రాలు ఆగిపోయాయి. పెద్దాయన చెయ్యి కడుక్కుని వచ్చేసరికి రొయ్యలు గట్టు వారకి చేరి నీళ్ళ మీద తేలుతున్నాయట. పరుగెత్తి స్విచ్ వేశాడు. చాలావరకు తేరుకున్నాయి. కొన్ని తేరుకోలేదు. నాన్న వచ్చి వలతో వాటిని తీసి గట్టు మీద గొయ్యి తవ్వించారు. చదువుకునే పిల్లకి ఎందుకులే అని నాకు చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం నేను రైలు దిగి భీమవరం స్టేషన్‌లో నిలబడ్డాను. నాన్న వచ్చి తీసుకెళ్ళాలి. వాట్సాప్‌లో రెండుసార్లు చేశాను, నెట్ అందక కలవలేదు. అప్పుడు, ఆ వారంలో మొదటిసారి, మామూలు కాల్ చేశాను.

తర్వాత జరిగింది నాన్న చెప్పగా విన్నదే. ఆయన ఎంతమందికి చెప్పారంటే నేనూ అక్కడే ఉన్నట్టు నాకు కళ్ళకి కడుతుంది. ఆ సమయానికి ఆయనా పెద్దాయనా గట్టు మీద పెట్టె ఎదురుగా నిలబడి ఉన్నారు. ఎలక్ట్రీషియన్ పెట్టె మార్చమన్నాడు, మార్చాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు. నాన్న జేబులో ఫోన్ మోగింది. తీసి చూస్తే తెర మీద "మోటారు".

నాన్న పెట్టె వంక చూశారు. ఫోన్ వంక చూశారు. ఇన్నేళ్ళలో అది ఎప్పుడూ తనంతట తను ఫోన్ చెయ్యలేదు.

"మోటారు ఫోన్ చేస్తుంది" అన్నారు పెద్దాయనతో.

పెద్దాయన ఏమీ తొణక్కుండా, "ఎత్తండి బాబూ. ఏం కావాలో కనుక్కోండి" అన్నాడు.

నాన్న ఎత్తి, "చెప్పండి" అన్నారు. మోటారుని మీరు అనే అన్నారు. అది మాత్రం ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు.

"నాన్నా, స్టేషన్‌లో ఉన్నాను" అన్నాను నేను.

ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి తెర మీద పేరు మళ్ళీ చూసుకున్నారట. తర్వాత నాన్న చాలా నెమ్మదిగా, "ఎవరమ్మా, నువ్వేనా?" అన్నారు. నేనేనన్నాను. "ఏ నంబరు నుంచి చేస్తున్నావు?" అన్నారు. నా నంబరు నుంచేనన్నాను. "కాదమ్మా" అన్నారు. నేను వాదించబోయాను. వాదించబోతుండగానే భోజనాల బల్ల, ఫ్యాన్ గాలి, కిందపడిన రెండు సిమ్‌లు గుర్తొచ్చాయి. ఆ వెంటనే గట్టు మీద వచ్చిన బిజీ టోన్ గుర్తొచ్చింది. దాని వెనక క్రాస్‌టాక్, ఫిర్యాదు, "మోటారాండి" అన్న ఆ గొంతు, అన్నీ ఒకదాని మీదొకటి వచ్చి పడ్డాయి. స్టేషన్ బయట ఆటోవాళ్ళు పిలుస్తున్నారు. నాకేమీ వినబడలేదు.

నాన్న వచ్చి బండి మీద ఎక్కించుకున్నారు. నేరుగా చెరువు దగ్గరికి తీసుకెళ్ళారు. పెద్దాయన చూస్తుండగా నేను పెట్టెలోంచి నా సిమ్ తీసుకుని మోటారు సిమ్ అందులో వేశాను. నాన్న ఫోన్ చేశారు. రెండు రింగులు, కట్, చక్రాలు లేచాయి. పెద్దాయన, "ఈ పాటిదానికి ఇంజినీరు గారు రావాల్సొచ్చిందండి" అన్నాడు. మెచ్చుకున్నాడో ఏమో తెలియలేదు. అక్కడే గట్టు మీద కొత్తగా పూడ్చిన గొయ్యి కనిపిస్తే ఏమిటని అడిగాను. గురువారం సంగతి అప్పుడు చెప్పారు. చెప్పింది కూడా పెద్దాయనే. నాన్న అటు తిరిగి నీళ్ళు చూస్తున్నారు.

ఇంటికొచ్చాక అమ్మకి నేనే చెప్పాను. తిడుతుందనుకున్నాను. అమ్మ కూర తరుగుతూ మొత్తం విని, నవ్వింది. వారం రోజులూ తన ఫోన్లకి చక్రాలు తిరిగాయంటే నమ్మలేకపోయింది. నేను కొంచెం ధైర్యం తెచ్చుకుని, నీకైనా అనుమానం రాలేదా, ఒక్కసారి కూడా నేను ఎత్తలేదు కదా అన్నాను.

"రాలేదమ్మా" అంది. "రెండు రింగులకి కట్ అయ్యేది. ఎప్పుడూ అంతే కదా. నువ్వే అనుకున్నాను."

అమ్మ ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. మళ్ళీ కత్తిపీట మీదకి వంగిపోయింది. నేను లేచి వెళ్ళి నీళ్ళు తాగాను. దాహం లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న కొంచెం తేలికపడి, మళ్ళీ పాత కంపెనీకే మారిపోదామా అన్నారు. ఒకసారి కంపెనీ మారాక తొంభై రోజుల దాకా మళ్ళీ మారడానికి లేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ప్లాన్లు పోల్చినప్పుడు చూశాను గానీ, మనకి అవసరం రాదనుకున్నాను. అందుకని మూడు నెలలు మోటారు మాతోపాటు ఫ్యామిలీలోనే ఉంది. దాని వంతు డేటా నేను వాడుకున్నాను. కంపెనీ వాళ్ళు నా ఫిర్యాదు మీద ఫోన్ చేసి, సమస్య తీరిందా అని అడిగారు. తీరిందన్నాను. ఏమిటో చెప్పమన్నారు. కట్ చేశాను.

అమ్మ కాల్ నెల రోజులపాటు మొదటి రింగుకే ఎత్తాను. మా గది అమ్మాయి ఏమైందని అడిగేది. తర్వాత తర్వాత మామూలైపోయాను. పరీక్షల రోజుల్లో మళ్ళీ కట్ చేశాను కూడా, కానీ నాలుగో రింగు దాకా ఆగి చేసేదాన్ని, మోటారుకీ నాకూ కాస్త తేడా తెలియాలని. ఆ తర్వాత మళ్ళీ నేనే చేసేదాన్ని. చేస్తే అమ్మకి పెద్దగా చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఏం తిన్నావు, అక్కడ వాన పడిందా, అంతే. ఈ రెండు ముక్కలకేనా ఇన్నాళ్ళూ నేను క్లాసులో ఉన్నది అనిపించేది.

తొంభై రోజులు నిండాక నాన్న ఒక్కరే భీమవరం వెళ్ళి, మోటారు నంబరుని ఫ్యామిలీలోంచి తీసేసి పాత కంపెనీకే మార్పించుకొచ్చారు. నన్ను అడగలేదు. తర్వాతి శనివారం ఇంటికి వెళ్ళినప్పుడు తెలిసి, కొంచెం చిన్నబుచ్చుకుని, ఎన్ని జీబీలిచ్చారు నాన్నా అని అడిగాను.

"అడగలేదమ్మా" అన్నారు నాన్న. "చేస్తే మోగుతుందా అని అడిగాను. మోగుతుందన్నారు."